మిష్రిఫ్ ఇంట్లో వేల్స్ హాలు

మా నాన్న ఊళ్లో చిన్న చర్చికి పాస్టరు. దయ్యం పట్టిందని ఎవరినైనా తీసుకొస్తే ముందు ఆస్పత్రికి పంపేవాడు. ఆ ఇంట్లో పెరిగిన నేను ఇలాంటివి ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది రాజోలు దగ్గర. కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక విల్లాలో చూపు లేని పెద్దావిడను చూసుకునే పని నాది. ఇంటి యజమానిని బాబా అంటాం, ఆయన భార్యను మామా అంటాం. ఈవిడ బాబాకు తల్లి కాబట్టి పెద్ద మామా.

బాబా కుర్రతనంలో బ్రిటన్‌లోని వేల్స్‌లో చదువుకున్నారట. అక్కడ వందల ఏళ్లనాటి దొరల భవంతి ఒకటంటే ఆయనకు ప్రాణం. దాన్ని పడగొడుతున్నారని తెలిసి, అందులోని పెద్ద హాలును విప్పించి ఓడలో తెప్పించుకున్నారు. నల్లబడిన ఓక్ చెక్క పలకలు తాపిన గోడలు, చెక్కడపు పనితో మెట్ల వరస, మనిషి ఎత్తు రాతి ఫైర్‌ప్లేస్. బయట కళ్లు తెరవనివ్వని ఎండ, లోపల ముసురు పట్టినట్టు మసక. ఫైర్‌ప్లేస్‌కు పొగగొట్టం లేదు. అందులో ఒక్కసారీ నిప్పు వేయలేదు. ఆ హాలు బిగించేనాటికే పెద్ద మామాకు చూపు పోయింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆవిడ ఫైర్‌ప్లేస్ పక్కన కూర్చునేది.

"మరియం, తలుపు తియ్యి. ఆ పిల్ల అవతల నిలబడి ఉంది."

"అక్కడ తలుపు లేదు పెద్ద మామా. గోడ అది."

"బరువు మోసుకొచ్చింది. నిలబెట్టకు" అనేది. ప్రతిసారీ ఎడమ పక్కకే చూపించేది.

ఒక మధ్యాహ్నం నేనూ విన్నాను. పలకల వెనక ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడు. బరువుతో, నిదానంగా. ఆగింది. ఇనప బకెట్ లాంటిదేదో కింద పెట్టినట్టయింది. తర్వాత తడిసిన బొగ్గు వాసన. బయటికెళ్లి చూశాను. ఆ గోడ వెనక కార్లు పెట్టే జాగా. మెట్లూ లేవు, మనిషీ లేదు.

వంట చేసే కమలక్కది కడప వైపు. ఆమెతో అన్నాను.

"ఆయమ్మ మాటలు పట్టించుకోవాకు మే. మామా చెవిన పడితే నిన్ను ఇంటికి తోలేస్తారు" అంది.

అయినా మామాకు చెప్పాను, నాకూ వినబడిందని. ఆవిడ కోప్పడలేదు. "ముసలామెకు మతి తప్పుతోంది. నువ్వు వంత పాడితే ఇంకా ఎక్కువవుతుంది. ఖలాస్, ఈ మాట ఇక్కడితో ఆపు" అంది.

డాక్టరు మాత్రలు రాశాడు. అవి మొదలయ్యాక పెద్ద మామా మధ్యాహ్నాలు నిద్రలోనే గడిచిపోయేవి. మెలకువ వస్తే నా చెయ్యి తడుముకుని, "నాకు నిజంగానే మతి పోయిందా మరియం?" అని అడిగేది. చలికాలం రాకముందే కన్నుమూసింది.

తర్వాత, ఏసీ గాలికి పలకలు పగులుతున్నాయని వడ్రంగులను పిలిచారు. ఫైర్‌ప్లేస్ ఎడమ పక్కన విప్పుతుంటే పలకలు విడివిడిగా రాలేదు, అన్నీ కలిసి ఒక్క చెక్కలా ఊడొచ్చాయి. దాని వెనక తుప్పు పట్టిన మడత బందులు. గోడలో కలిసిపోయేలా చేసిన తలుపు అది. ఇక్కడ బిగించినవాళ్లు తెలియక మేకులు కొట్టి మూసేశారు.

బాబా దగ్గరికొచ్చి ఆ బందులు తడిమి చూశారు. "ఆ ఇళ్లలో పనివాళ్లకు ఇలాంటి తలుపులుండేవి. కింద వంటగది నుంచి బొగ్గు మోసుకొచ్చేవాళ్లు. ఇక్కడొకటి ఉందని నాకే తెలియదు" అన్నారు. నా వైపు తిరిగి, "మా అమ్మ ఏమనేది? అంతా చెప్పు" అని అడిగారు.

నాకొచ్చిన అరబీలో చెప్పాను. అంతా విన్నాక ఆ తలుపును మళ్లీ బందుల మీదే బిగించమన్నారు. వెనక ఉన్నది సిమెంటు గోడే. వడ్రంగులు వెళ్లాక తనే దాన్ని తెరిచి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగి నిలబడ్డారు. ఏ చప్పుడూ రాలేదు.

నేను విన్నదేమిటో, చూపు లేని మనిషికి ఆ చోటు ఎలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను. కొడుకు అలా నిలబడడం ఆవిడ ఉండగా జరగలేదు. నా బాధ అదే.