మడ అడవికి ఇచ్చేసిన పుట్టిల్లు

మొన్న కాకినాడలో, అడవిని కాపాడిన పాత సిబ్బంది అంటూ, రిటైరైన మావారిని కూడా పిలిచి శాలువా కప్పారు. పక్కనే నన్నూ నిలబెట్టి ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఏంటో, ఎవరి పెళ్ళికో వచ్చినదానిలా నిలబడ్డాను.

రొయ్యల చెరువుల పిచ్చి మన గోదావరి జిల్లాలను ఊపేసిన రోజులు మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. వరిచేలు చెరువులై, చెరువులు మేడలై, నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు కారు దిగుతుంటే చూసి మా అన్నయ్యకూ ఆశ పుట్టింది. అప్పట్లో మావారు కోరంగి వైపు మడ అడవిలో ఫారెస్టు గార్డు. ఉప్పుటేరుల్లో పడవ మీద తిరుగుతూ, కట్టెలు కొట్టేవాళ్ళను ఆపుతూ, నీటికుక్కలు పిల్లల్ని పెట్టిన చోట వలలు వేయొద్దని బతిమాలుతూ, మోకాళ్ళదాకా బురదతో ఇంటికొచ్చేవారు. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ వాసన ఖాకీ గుడ్డల్ని వదిలేది కాదు. నాకైతే ఆ ఉద్యోగమంటేనే ఒళ్ళు మంట.

అన్నయ్య తన చెరువుకు ఉప్పునీటి కాలవ తీయాలని, అడవి హద్దు దాటి పొక్లెయిన్‌తో మడచెట్లు పెకలించడం మొదలుపెట్టాడు. బావగారే గార్డు, ఇక అడిగేదెవరని ధీమా. మావారు వెళ్ళి యంత్రం ఆపించి, కేసు రాసి వచ్చారు. సాయంత్రం అన్నయ్య మా గుమ్మంలో నిలబడి, "ఏంటండీ బావగారూ, సొంత మనిషినని కూడా చూడరా?" అన్నాడు. "సొంతవాళ్ళని వదిలేస్తే రేపు పరాయివాళ్ళని ఏ మొహంతో ఆపమంటారండి?" అన్నారు ఈయన. అన్నయ్య మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అన్నయ్య కూతురి పెళ్ళి కుదిరింది. మావైపు శుభలేఖ ఒక్కటే చాలదు, ఆడవాళ్ళు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. మా వీధిలో చుట్టాలు చాలామందే ఉండడంతో వదిన పిలుపులకు వచ్చింది. మేనత్తను కదా, ఎంత కోపమున్నా నన్ను వదలరులే అని, తల దువ్వుకుని, కుర్చీ తుడిచి పెట్టుకుని కూర్చున్నాను. ఎదురింటావిడకు, పక్కింటావిడకు బొట్టు పెట్టి, మా గేటు దాటి వెళ్ళిపోయింది. ఎంత ఏడ్చానో! ఏడ్చి ఏడ్చి చివరికి ఏడుపే ఆగిపోయింది. తర్వాత మా అమ్మ పోయిందన్న మాట, దహనం కూడా అయిపోయాక, చేపలమ్మే ఆవిడ చెబితే తెలిసింది. విని, లోపలికెళ్ళి అన్నం వార్చాను.

మొన్న సన్మానం నుంచి వచ్చాక ఆయన శాలువా మడత పెడుతూ, "ఆ రోజు చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటే నీకు పుట్టిల్లు మిగిలేది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. అన్నం చల్లారిపోతోంది, రండి అన్నాను.

రొయ్యలకు తెగులొచ్చి ఆ చెరువులు ఎన్నడో పాడుబడ్డాయి, అన్నయ్యా పోయాడు. అప్పట్లో మడ అడవి అంటే దోమలు, బురద అని మొహం చిట్లించినవాళ్ళే ఇప్పుడు పిల్లాజెల్లాతో వచ్చి అక్కడి చెక్కవంతెన మీద ఫోటోలు దిగుతున్నారు. చెట్లు బాగా పెరిగాయట. నేను చూడలేదు. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళిరావచ్చు. వెళ్దామా అని ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు.