రేపటికి దాచిన గాలి

మా ఇంటామె, నా భార్య, పోయింది. పోయిన నెలలో, ఒక మంగళవారం పొద్దున, ఎల్‌బీ నగర్‌లో మేముండే కిరాయి ఇంట్లో. ఆ సమయానికి కరెంటు ఉంది. మిషన్ నడుస్తోంది. గిన్నెలో జావ సగం మిగిలి ఉంది. ఈ సంగతి ముందే రాయడానికి కారణం, తెలిసినవాళ్లందరూ నన్ను మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే. "కరెంటు పోయిందా?" పోలేదు.

ఆమెకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. చివరి మూడు చలికాలాలు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ మీద బతికింది. ముక్కుకు సన్నని గొట్టాలు, వాటికి వంటింటి గుమ్మం దాకా సాగే పొడుగాటి పైపు. ఆ పైపు ఎంత దూరం వస్తే ఆమెకు ఇల్లు అంతే. కరెంటు పోతే మిషన్ కీచుమని అరిచి ఆగిపోయేది. వెంటనే పైపును సిలిండర్‌కు తగిలించాలి. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. మిషన్‌ను లాగే ఇన్వర్టర్ మా స్తోమతకు మించినది.

కరెంటు కోతలంటే ఎండాకాలం గుర్తుకొస్తుంది చాలామందికి. మాకు మాత్రం చలికాలమే భయం. ఎండలు ముదిరేలోపు తీగలకు తగిలే కొమ్మలు కొట్టాలని, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేయాలని ఒక్కో గల్లీకి వంతులవారీగా లైను ఆపుతారు. సరిగ్గా ఆమెకు ఊపిరి అందని రోజుల్లోనే.

ఆమెది ఇబ్రహీంపట్నం అవతలి పల్లె. పొదుపు పుట్టుకతో వచ్చింది. ఒక పొయ్యి వెలిగించిన అగ్గిపుల్లను పారేయదు. దాన్నే మొదటి పొయ్యి మీద అంటించి రెండోది వెలిగిస్తుంది. పీనాసి కాదు. మా గడప తొక్కినవాళ్లను అన్నం పెట్టకుండా పంపిన గుర్తు నాకు లేదు. రేపు అనేదాన్ని నమ్మేది కాదు, అంతే. "రేపటికి ఉండాలె" అనేది ప్రతిదానికీ. కూరకు, నీళ్లకు, నా కోపానికి కూడా. "గింత కోపం ఇయ్యాలనే ఖర్చు పెడితే రేపు నాతోటి ఎట్ల కొట్లాడతవ్?"

దసరా పోగానే కోతల తయారీ మొదలయ్యేది. ఉత్తరం వైపు కిటికీ సందుల్లో పాత చీర పేలికలు దూర్చేది. పాత సాక్సులు ఉతికి పెట్టేది. చలి రోజుల్లో వేడినీళ్ల సీసాకు తొడిగి పాదాల దగ్గర పెట్టుకోవడానికి. లైను ఆపుతారని తెలిసిన రోజు వేకువనే ట్యాంకు నింపించి, పిండి రుబ్బించి, ఫ్లాస్కుల్లో వేడినీళ్లు పోయించేది. ఆ రోజు కూర వండేది లేదు, పచ్చిపులుసే. సిలిండర్ ఉన్న గదిలో నిప్పు ఉండకూడదు కనుక కొవ్వొత్తి లేదు, కుంపటి లేదు. చార్జింగ్ బల్బు వెనక తోమిన స్టీలు తాంబాళం నిలబెట్టేది. ఒక బల్బుకు రెండు బల్బుల వెలుతురు. అది కనిపెట్టినందుకు ఆ ఏడాదంతా గర్వపడింది.

లైన్‌మన్‌తో స్నేహం కూడా ఆ తయారీలో భాగమే. ఒకసారి మా ఇంటి ముందు కానుగ చెట్టు కొమ్మలు కొడుతుంటే కిటికీలోంచి పిలిచింది.

"ఓ బిడ్డా! జర పైకి రా."

వచ్చాడు. మిషన్ చూపించింది.

"గిది ఆగితే నేను ఆగుత. మీరు లైను తీసుడు తప్పదు, నాకెర్కనే. తీసేముందు ఒక్క ఫోన్ కొట్టు. గంతే."

"గట్లనకమ్మా. కొడత" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. "అమ్మా, రేపు పదింటికి బంద్. తయారుగుండు" అని ముందురోజే చెప్పేవాడు.

"నేను దసరా సంది తయారున్న. నువ్వే లేటు" అనేది ఈమె.

కానీ చెప్పి పోయే కోతలతో పాటు చెప్పకుండా సాగే కోతలు కూడా ఉంటాయి. మొదటి చలికాలంలో మధ్యాహ్నానికి వస్తుందన్న కరెంటు పొద్దుగూకేదాకా రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏదో కాలిందన్నారు. అప్పుడు మాకున్నది ఒకే సిలిండర్. అది ఖాళీ అవుతుండగా ఆటో ఎక్కించి దవాఖానకు బయలుదేరాను. దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి బండ్లు కదలడం లేదు. ఆమె తల నా భుజం మీద ఉంది. గోళ్లు నీలం రంగుకు తిరిగాయి. మా నెత్తి మీది నుంచి మెట్రో రైలు పోయింది, పెట్టె పెట్టెకూ దీపాలతో. ఆమె వేలెత్తి దాన్ని చూపించింది. మాట రాలేదు. అయినా ఏమంటున్నదో నాకు తెలుసు. దానికున్నది సూడు కరెంటు.

ఆ రోజు బతికింది. కానీ ఆటోలో తెలుసుకున్నదాన్ని మళ్లీ మరచిపోలేదు. సిలిండర్‌కు అడుగు ఉంటుంది.

అప్పటి నుంచి దాని మీద కూడా పొదుపు మొదలుపెట్టింది. అప్పుసొప్పు చేసి రెండో సిలిండర్ కొన్నాను. దాన్ని గది మూలన నిలబెట్టి దుప్పటి కప్పింది, "అది రేపటిది" అన్నది. మొదటిదానికి ఒక గాజు గొట్టం, అందులో చిన్న గుండు ఉంటాయి. మర తిప్పితే గుండు పైకి లేస్తుంది. డాక్టర్ రెండు అన్న గీత మీద ఉంచమన్నారు. నేను అక్కడే ఉంచి వంటింట్లోకి పోయేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి గుండు ఒకటి దగ్గరికి దిగి ఉండేది.

"ఎందుకు తగ్గించినవ్?"

"సరిపోతున్నది."

"పెదాలు నల్లగైనయి."

"నా పెదాలు ఎర్రగ ఎప్పుడున్నయి? పెండ్లి సూపులకొచ్చిననాడు గూడ నల్లగనే ఉండె. అప్పుడు అడగలే."

నేను పెంచేవాణ్ణి. ఆమె తగ్గించేది. కోత నడిచినంతసేపూ మా ఇంట్లో ఇదే పని.

తగ్గించిన గాలికి తగ్గట్టు బతకడం కూడా నేర్చుకుంది. కరెంటు లేనప్పుడు మాట్లాడేది కాదు. పక్కన స్టీలు గ్లాసు, చెంచా ఉండేవి. ఒకసారి కొడితే నీళ్లు. రెండుసార్లు కొడితే దిండు సర్దమని. ఆగకుండా కొడితే నన్ను తిడుతున్నదని. ఆ చప్పుడు కిందింటివాళ్లకు కూడా వినిపించేది. "ఇయ్యాల అంకుల్‌కు బాగనే పడ్డయి" అని నవ్వేవాళ్లు.

నేను డాక్టరమ్మకు ఫిర్యాదు చేశాను. ఆవిడ ఈమె వైపు తిరిగి, "ఇది మందు అమ్మా. మందును ఎవరైనా సగం దాచుకుంటారా?" అన్నది.

"జ్వరం గోళీ సగం ఇరిచే ఏసుకుంట మేడం. సగం రేపటికి."

డాక్టరమ్మ నవ్వలేదు. తక్కువ గాలితో ఎక్కువసేపు ఉంటే గుండె మీద భారం పడుతుందని నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. ఈమె శ్రద్ధగా తల ఊపింది. ఆటోలో కూర్చున్నాక నాతో అన్నది, "ఆమె ఇంట్ల కరెంటు పోదు."

జబ్బు రాకముందు మా చర్చి సంఘంలో ఆదివారం పాటలు ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు గేటు బయట చెప్పులు విడిచే చోటికి వినిపించేది. జబ్బు వచ్చాక గుడికి పోవడం ఆగింది, పాట ఆగింది. పోయిన డిసెంబరులో, పొద్దుగూకే వేళ, సంఘం పిల్లలు క్రిస్మస్ పాటలు పాడడానికి ఇంటికి వచ్చారు. వాళ్లు మెట్లెక్కుతుండగానే కరెంటు పోయింది. చెప్పని కోత. నేను పైపు మార్చాను.

"అంకుల్, ఇంకోనాడు వస్తం" అన్నది వాళ్లలో పెద్ద పిల్ల.

ఈమె చెయ్యితో కూర్చోమన్నది. తాంబాళం ముందు బల్బు వెలిగించాను. వాళ్లు డప్పు మెల్లగా కొడుతూ పాడారు. ఈమె చెంచాతో గ్లాసు మీద తాళం వేసింది. రెండో పాటలో ఆమె చెయ్యి సిలిండర్ మర మీదికి పోయింది. తగ్గిస్తుందనుకుని లేవబోయాను. తగ్గించలేదు. పెంచింది. గుండు పైకి లేచింది. రెండు చరణాలు పాడింది.

గొంతు పూర్వంలా లేదు. పిల్లలు తమ గొంతులు తగ్గించుకున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

పాట అయ్యాక ఆమె మళ్లీ మర తిప్పింది. రెండుకు కాదు, ఒకటికి కూడా కాదు. అంతకంటే కిందికి. పాటకు ఖర్చయినదాన్ని అక్కడే పూడ్చుకుంటున్నదని నాకు అర్థమైంది. పిల్లలు కేకు తింటున్నారు. నేను వెళ్లి గుండును రెండు మీద పెట్టి, మర మీద చెయ్యి తీయకుండా నిలబడ్డాను. ఆమె చెంచాతో నా చేతి మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఆ మంగళవారం జావ తాగుతూ ఆగి, నా వైపు చూసి, పక్కకు ఒరిగింది. మిషన్ నడుస్తూనే ఉంది. తక్కువ గాలితో గడిపిన గంటలు గుండెను తిన్నాయా అని తర్వాత డాక్టరమ్మను అడిగాను. "జబ్బే అట్లాంటిది. ఇదని చెప్పలేం" అన్నది. నా మీద జాలితో అన్నదో, నిజంగా తెలియక అన్నదో నాకు తెలియదు. సమాధి చేసి వచ్చాక మూలన దుప్పటి తీసి చూశాను. రెండో సిలిండర్ సీలు అట్లాగే ఉంది. మొదటిదాంట్లో సగానికి పైగా ఉంది. ఇంత పొదుపు చేసిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. దాన్ని చూపించడానికి మనిషి లేదు.

పోయిన వారం లైన్‌మన్ ఫోన్ చేశాడు.

"సార్, అమ్మకు చెప్పుండ్రి. రేపు పదింటికి బంద్."

"అమ్మ లేదు బిడ్డా."



"ఎప్పుడు సార్?"

చెప్పాను.

"కరెంటు... పోయిండెనా?"

"లేదు. కరెంటు ఉండె. నువ్వు గట్ల మనసుల పెట్టుకోకు."

ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత మొహమాటంగా అన్నాడు, "సార్, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మీ ఎనక గల్లీల ఒక ముసలామెకు గూడ గదే మిషన్. సిలిండర్ నింపనీకి పంపిండ్రంట, ఇంక రాలే. మీ కాడ ఏమన్న..."

"ఉన్నది" అన్నాను.

మర్నాడు సీలున్న సిలిండర్‌ను స్కూటర్ మీద కాళ్ల దగ్గర నిలబెట్టుకుని పోయాను. రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తలుపు తీసిన కోడలికి లైన్‌మన్ అంతా చెప్పినట్టుంది. నా ముఖం చూడలేక పక్కకు తప్పుకుంది. మంచం మీద ముసలామె, ముక్కుకు అవే గొట్టాలు.

"ఏవయ్యా, గ్యాసు బండ తెచ్చావా?"

"గ్యాసు కాదత్తయ్యా, మీ గాలి బండ" అన్నది కోడలు.

"కూర్చో బాబూ. నువ్వు నిలబడితే నాకు మెడ నెప్పి. ఇంతకీ ఎవరికోసం కొన్నావిది?"

"మా ఇంటామెకండి."

"ఇప్పుడెలా ఉంది?"

కోడలు తల దించుకుంది.

"ఇప్పుడు అవసరం లేదండి" అన్నాను.

"అదృష్టవంతురాలు" అన్నది ముసలామె.

పదింటికి మిషన్ అరిచి ఆగింది. సీలు నేనే తీసి, వాళ్ల గాజు గొట్టం బిగించాను. మర తిప్పితే గుండు లేచింది. గాలికి తడి పట్టించే నీళ్ల సీసాలో బుడగలు మొదలయ్యాయి. ముసలామె మాటలు కూడా మొదలయ్యాయి. కోడలి కాఫీ గురించి, కొడుకు గురక గురించి, పక్కింటివాళ్ల కుక్క గురించి. "మా కోడలి కాఫీ తాగావా? గిన్నె కడిగిన నీళ్లు కూడా ఇంతకంటే చిక్కగా ఉంటాయి." ఒక మాట కూడా దాచుకోవడం లేదు. నా కళ్లు గుండు మీదే ఉన్నాయి. నా చెయ్యి మోకాలి మీద ఊరికే ఉండడం లేదు.

కోడలు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "మీకు తెలుసు కదండీ. కొంచెం తగ్గించమంటారా? కరెంటు సాయంత్రం దాకా రాకపోతేనో?"

"డాక్టర్ ఎంత పెట్టుమన్నడమ్మా?"

"రెండు."

"రెండే ఉండనియ్యి. తగ్గించకు. అయిపోతే మా ఇంట్ల ఇంకోటి ఉన్నది, తెస్త."

ముసలామె ఇవేమీ పట్టించుకోలేదు. ఆమె కబుర్లు తను పెళ్లయి కాపురానికి వచ్చిన కొత్తలో, వానలో ఈనలేక అల్లాడిన గేదె దగ్గరికి చేరాయి. మామగారు లాంతరు పట్టుకున్నాడు. అత్తగారు దేవుళ్లకు మొక్కుతోంది. గేదె అరుస్తోంది, ఆ అరుపు కూడా తనే అరిచి వినిపించింది. మధ్యలో కరెంటు వచ్చి గదిలో ట్యూబులైటు వెలిగింది. కోడలు పైపు మార్చడానికి లేచింది. ముసలామె చెయ్యెత్తి ఆపింది.

"ఉండవే, దూడ ఇంకా బయటపడలేదు."