బాలస్వామన్న పంపిన పడవ

చిట్యాలలో మా టైర్ల దుకాణం ముందు మొన్న ఒక లారీ వచ్చి ఆగింది. వానకు తడిసిన నైలాన్ తాళ్ల వాసన, డీజిల్ వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. చేతిలోని పానా కింద పెట్టి కూర్చుండిపోయాను. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫాం మీద బతికిన రోజుల వాసన అది. ఆ రోజులంటే నాకు బాలస్వామన్నే.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో పైపుల పని కోసం అక్కడికి వెళ్లాను. సముద్రం మధ్యలో ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన కట్టడం అది. పడవలో వచ్చినవాళ్లను క్రేన్‌కు వేలాడే తాళ్ల బుట్టలో పైకి లాగుతారు. చెరువు తప్ప నీళ్లెరుగని నేను కళ్లు గట్టిగా మూసుకుని వేలాడాను. పైన దిగాక క్రేన్ నడిపే మనిషి నవ్వుతూ వచ్చాడు.

“యాడికెల్లి వచ్చినవ్ తమ్మీ?”

“చిట్యాల.”

“మాది కొల్లాపూర్ దిక్కు. కండ్లు మూస్తే భయం ఎక్కువైతది. ఈసారి నా దిక్కు సూడు. నేను కనిపిస్తుంటే నువ్వు పడవు.”

కిటికీ లేని గదిలో ఒకరి మీద ఒకరుగా ఉండే పడకలు మావి. అక్కడ ఎవరూ ఇంటి ముచ్చట ఎత్తేవారు కాదు. బాలస్వామన్న మాత్రం అన్నం ముందు కూర్చుంటే చాలు, భార్య మణెమ్మ చేసే సర్వపిండి గురించి చెప్పేవాడు. పని ముగిశాక నన్ను క్రేన్ దగ్గరికి తీసుకెళ్లి గాలిని, అలను ఎట్లా చూడాలో చూపేవాడు. “క్రేన్ కొండికి మనిషి ఏలాడుతున్నప్పుడు నీ ఫికర్లన్నీ పక్కన పెట్టాలె,” అనేవాడు. మా నాయిన కూడా నాకు అంత ఓపికగా ఏదీ నేర్పలేదు.

ఒకసారి వాయుగుండం పట్టింది. ఒడ్డుకు పోయే పడవలు, హెలికాప్టర్లు ఆగిపోయాయి. బాలస్వామన్న బదులు రావలసిన క్రేన్ మనిషి ఒడ్డునే చిక్కుకుపోయాడు. అప్పుడే ఆఫీసు ఫోన్‌కు కబురొచ్చింది. మణెమ్మకు గుండెపోటు, పాలమూరు దవాఖానలో ఉంది. ఆయన కూతురితో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను.

“ఫోను అమ్మ చెవి కాడ పెట్టు బిడ్డా,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మణెమ్మా, నేనొస్తున్న. జర ఆగు,” అన్నాడు.

ఆ మర్నాడు తడి ఇనుము మీద పైపు జారి నా కాలి మీద పడింది. ఎముక బయటికి వచ్చింది. దగ్గరలోని వేరే ప్లాట్‌ఫాంకు కాపలా ఉన్న పడవ, నా కోసం అలల్లో ఎగిరిపడుతూ మా కిందికి వచ్చింది. దాంట్లో బాలస్వామన్న కూడా వెళ్లొచ్చు. కానీ దించేవాడు ఆయనొక్కడే. క్రేన్ నడిపేవాడు తనను తాను దించుకోలేడు.

నన్ను స్ట్రెచర్‌కు కట్టారు. “అన్నా, వదిన...” అన్నాను.

“నువ్వు ఊకో. నా దిక్కు సూడు.”

చూశాను. అద్దాల వెనక ఆయన ముఖం కదల్లేదు. పడవ అల మీదికి లేచేదాకా ఆపి, సరిగ్గా అప్పుడు నన్ను పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాడు. కొండి విప్పగానే పడవ వెనక్కి తిరిగింది. ఆయన క్రేన్‌లోంచి దిగి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కనిపించినంతసేపు అట్లాగే ఉన్నాడు.

వాన వెలిసి ఆయన ఒడ్డు చేరేసరికి మణెమ్మను దహనం చేసేశారు. తర్వాత ఆయన మళ్లీ సముద్రానికి పోలేదు.

కాలు అతికాక, ఎండాకాలంలో కొల్లాపూర్ వెళ్లాను. ఆయన కూతురు తలుపు తీసింది. “అమ్మా, ఆ పడవ నా కోసమే...” అని మొదలుపెట్టాను.

“తెలుసు. బాపు చెప్పిండు,” అని నీళ్లిచ్చి లోపలికి పోయింది. “పోయేదాక అమ్మ తలుపు దిక్కే సూసింది,” అని లోపలినుంచే అన్నది.

బాలస్వామన్న అరుగు మీద కూర్చున్నాడు. సగమైపోయాడు. “కాలు మంచిగైందా?” అన్నాడు.

“మంచిగైందన్నా.”

“జర నడువు. సూస్త.”

ఆయన ముందు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచాను. “ఇంకోపాలి,” అన్నాడు. మళ్లీ నడిచాను. ఆయన నా కాలినే చూస్తున్నాడు. ముఖంలో ఏమీ మారలేదు.

ఆ ఎండాకాలం దాటకుండానే ఆయనా పోయాడు. నా నడక చూసి ఆయనకు కాస్తయినా ఊరట కలిగిందో, లేక ఉన్న దుఃఖమే పెరిగిందో నాకు తెలియదు. ఇక అడగడానికి ఆయన లేడు. రోజూ పొద్దున మంచం దిగి, ఈ కాలు నేల మీద మోపే ముందు కాసేపు అట్లాగే కూర్చుంటాను.