బొట్టు పెట్టని పిలుపు

మా చిన్నప్పుడు శ్రావణ శుక్రవారం వచ్చిందంటే పొద్దున్నుంచీ చెవులన్నీ వీధి గుమ్మం దగ్గరే ఉండేవి... బొట్టు పెట్టి పేరంటానికి పిలవడానికి ఎవరు వస్తారా అని.

పెద్దాపురంలో మా వీధి చిన్నది. ఆ చివర పెదనాన్న వాళ్ల మేడ, ఈ చివర మా పెంకుటిల్లు. పెదనాన్నది బట్టల కొట్టు. నాన్న అందులోనే పనిచేసేవారు. మామ్మ మాత్రం మా దగ్గరే ఉండేది.

పెదనాన్న కూతురు లలితక్క అంటే నాకు ఒళ్లంతా కుళ్లు. దాచుకోవడం ఎందుకు... మొన్నమొన్నటి దాకా కుళ్లే. తనకి జరీ అంచు పట్టు పరికిణీ. నాకు కొట్లో మిగిలిన ముక్కతో కుట్టిన పరికిణీ. అదైనా ఓర్చుకునేదాన్ని గానీ, పేరంటంలో వెండి పన్నీరు బుడ్డి ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది. వచ్చినవాళ్లందరి మీదా చిలకరించేది... నా దగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకుని పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయేది. ఒక్కసారి ఆ బుడ్డి నా చేతికొస్తే చాలని అమ్మవారికి మొక్కుకునేదాన్ని.

ఆ ఏడు వాళ్ల మేడ మీద ఇంకో అంతస్తు లేచింది. వరలక్ష్మీ వ్రతం నాటి ఉదయం పెద్దమ్మ కుంకుమ భరిణె పట్టుకుని, లలితక్కని వెంటబెట్టుకుని వీధంతా పిలుస్తూ వస్తోంది. ప్రతి ఇంట్లోకీ వెళ్లి, బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలండి" అని మరీ మరీ చెబుతోంది. అమ్మ మొహం కడుక్కుని, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. నేను పీట వాల్చాను.

పెద్దమ్మ మా మెట్టు ఎక్కలేదు. "ఏమే సుబ్బులూ, సాయంత్రం పేరంటం. వీలుంటే రా" అంది వీధిలోంచే. భరిణె మూత తియ్యలేదు. ఎదురింట్లోకి వెళ్లి తీసింది.

అమ్మ మొహం... పొంగుతున్న పాల మీద నీళ్లు చల్లినట్టు అయిపోయింది.

"చిన్నబుచ్చింది" అంది మామ్మ, అరుగు మీద వత్తులు చేసుకుంటూ.

"అంటే ఏంటి మామ్మా? తిట్టలేదు కదా?"

"తిడితే నలుగురికీ చెప్పుకోవచ్చే పిచ్చిమొహమా. ఇది చెప్పుకోడానికి కూడా ఉండదు. అందరికీ కొత్త రవికెల గుడ్డ పెట్టి, నీకు మాత్రం బీరువాలో ఏళ్ల తరబడి పడున్న ముక్క పెట్టారనుకో. బంతిలో అందరికీ నెయ్యి వడ్డించి, నీ విస్తరి దగ్గరికొచ్చేసరికి గిన్నె అయిపోయిందన్నారనుకో. మర్చిపోయి చేస్తే మరుపు. చూసి చూసి చేస్తే చిన్నబుచ్చడం."

"మరి లలితక్క నా మీద పన్నీరు చల్లదు. అదీ అదేనా?"

"అదీ అదే. తల్లి దగ్గర బాగానే నేర్చుకుంటోంది" అని బోసినోటితో నవ్వింది మామ్మ. "వాళ్లు చిన్నబుచ్చారు, సరే. చిన్నబుచ్చుకోవడం మాత్రం మన చేతిలో పని. మీ అమ్మ ఏం చేస్తుందో చూడు."

అమ్మ ఏమీ చెయ్యలేదు. "వెళ్దామా?" అని నేను కొంగు పట్టుకుంటే, "బొట్టు పెట్టని పేరంటానికి వెళ్లకూడదమ్మా" అంది. అంతే... నేను పన్నీరు బుడ్డిని తలుచుకుని పొద్దుగూకేదాకా ఏడ్చాను.

సాయంత్రం మేడలోంచి నవ్వులు, గాజుల చప్పుడు వినిపిస్తున్నాయి. అమ్మ పప్పు రుబ్బుకుంటోంది. హారతి వేళయింది. మా వీధిలో మంగళహారతి ఎత్తుకోవాలంటే అమ్మే ఎత్తుకోవాలి. మిగతావాళ్లు వెనక అందుకునేవారే. కాసేపటికి లలితక్క పరికిణీ పైకి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"పిన్నీ, అమ్మ రమ్మంటోంది. హారతి పాడాలట."

అమ్మ రోలు దగ్గర్నుంచి తలెత్తింది. గొంతులో కోపం లేదు. "బొట్టేదమ్మా?" అంది.

లలితక్క వెళ్లిపోయింది. మామ్మ చిన్న రోట్లో ఆకు దంచడం ఆపేసింది. ఇంతలో పెద్దమ్మ వచ్చింది... ఈసారి మెట్టెక్కి, గుమ్మం దాటి. నేను పొద్దున వాల్చిన పీట ఇంకా అక్కడే ఉంది. అమ్మ వచ్చి దాని మీద కూర్చుంది. పెద్దమ్మ భరిణె మూత తీసి బొట్టు పెట్టి, "రావే, అందరూ నీ కోసమే కూర్చున్నారు" అంది.

"వస్తున్నానక్కయ్యా, చెయ్యి కడుక్కుని" అంది అమ్మ.

ఆ రోజు అమ్మ పాడుతుంటే హారతి పళ్లెం పట్టుకున్న పెద్దమ్మ తలెత్తలేదు. నాకు మాత్రం ఏ సంతోషమూ లేదు. పన్నీరు బుడ్డి లలితక్క చేతిలోనే ఉంది. నా దగ్గర మళ్లీ తల తిప్పుకుంది...

నా చదువు ఏడో తరగతితో ఆగింది. పెళ్లయి పిఠాపురం వచ్చాను. నలుగురిలో నోరు పెగలదు, అందుకే ఇలా రాసుకుంటున్నాను. లలితక్క డిగ్రీ చదివింది, ఉద్యోగం చేస్తోంది, కాకినాడలో ఇల్లు కట్టుకుంది. మొన్న గృహప్రవేశం. పిలుపు బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మెరిసే దీపాలు, రాలే పువ్వులు... కింద "అందరూ రండి" అని.

ఇక్కడ పిఠాపురంలో మా వీధి చివర తన ఆఫీసు స్నేహితురాలు ఉంటుంది. ఆవిణ్ణి మాత్రం కారులో వచ్చి, బొట్టు పెట్టి, చీర పెట్టి పిలిచిందట. ఆ కారు మా ఇంటి ముందు నుంచే వెళ్లింది... నేను గుమ్మంలోనే ఉన్నాను.

అమ్మకి ఫోన్ చేశాను. "బొట్టు పెట్టిందా?" అంది. "ఫోన్లో పిలిచిందమ్మా" అన్నాను. "దానికేం చెప్పాలో నాకూ తెలీదే" అంది అమ్మ.

నేను వెళ్లలేదు. గ్రూపులో ఫొటోలు వచ్చాయి. లలితక్క కూతురి చేతిలో అదే వెండి బుడ్డి... వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాను.

ఇప్పుడు నా కుళ్లు లలితక్క మీద కాదు, మా అమ్మ మీద. అమ్మని చిన్నబుచ్చడానికైనా ఒక మనిషి మా మెట్టు దాకా నడిచి వచ్చింది. అమ్మ వెళ్లకపోతే హారతి ఆగింది. నేను వెళ్లకపోతే... ఎందుకు రాలేదని ఒక్క మెసేజ్ కూడా రాలేదు.

మీ ఇళ్లలో "బొట్టేదీ" అని అడిగి మరీ పెట్టించుకున్న ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి... వినాలని ఉంది.