కాలిన ఉల్లికాడల వాసన

నేను పనిచేసే అరబ్బు దేశంలో, రాబిగ్ పట్టణంలో ఈ శుక్రవారం ఒక ఇంజనీరు ఇంట్లో పైపు బాగుచేయడానికి వెళ్లాను. ఆయనది స్పెయిన్‌లోని కాటలోనియా. పెరట్లో మంటపెట్టి ఉల్లికాడలు నల్లగా కాలుస్తున్నాడు. చలికాలంలో వాళ్ల వాల్స్ పట్టణంలో అందరూ కలిసి ఇలాగే కాల్చుకుని, నిలబడి తింటారట.

ఆ వాసనకు నా చేతిలో పానా ఆగిపోయింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. జొన్నరొట్టెలు అయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల్లో ఉల్లిగడ్డ పెట్టేవాళ్లం కదా? అమ్మ కూలికి పోతే నన్ను సాకింది మా అక్కే. నల్లటి పొర ఒలిచి, లోపలి తెల్లటిది ఉప్పుకారంలో అద్ది, "ఊదుకుంట తిను తమ్మీ, నోరు కాలుతది" అనేది. తర్వాత మసి చేతులు నా ముక్కుకు రాసి నవ్వేది.

ఆ అక్క ఇప్పుడు కరీంనగర్ దవాఖానలో ఉంది. ఆ రోజు పొద్దునే బావ ఫోన్లో ఏడ్చాడు. "కండ్లు తెరిస్తే నిన్నే అడుగుతుంది. ఇయ్యాలనో రేపో అంటున్నరు. జల్ది రా."

ఎలా రాను? దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం ఇమ్మని, నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ కాళ్లు పట్టుకున్నాను. ఎప్పుడడిగినా "బుక్రా" అంటాడు, అంటే రేపు. వాడి బుక్రా మీద మన్నుపడ! అక్కకు మిగిలింది ఒక్క రేపే.

ఇంజనీరు ఒక కాడ ఒలిచి నా చేతికిచ్చాడు. తల వెనక్కి వాల్చి పైనుంచి నోట్లోకి దించుకోవాలని చూపించాడు. అలాగే ఆకాశం వైపు తల ఎత్తాను. కాడ అయిపోయినా తల దించలేకపోయాను.

"శభాష్, మా ఊరివాడిలా తిన్నావ్!" అంటూ ఆయన ఇంకొకటి అందించాడు.