వదులు మేస్త్రి బట్టల తాడు

యార్డులో ఆయన్ని అందరూ వదులు మేస్త్రి అనేవారు. క్రేను కొక్కేనికి యంత్రాలను తాళ్లతో కట్టించడం ఆయన పని. పనివాళ్లు తాడు పొదుపు చేసి పొట్టిగా కట్టారో, ఒంటికాలి మీద లేచేవాడు. "వదులు, ఇంకా వదులు" అంటూ కొక్కెం పైకి లేపించి పొడుగు తాళ్లు వేయించేవాడు. నిటారుగా దిగిన రెండు తాళ్లు బరువును చెరిసగం పంచుకుంటాయట. చదునుగా పరుచుకున్నవైతే బరువు సంగతి అటుంచి ఒకదాన్నొకటి లాక్కుని చస్తాయట. ఈ ఉపన్యాసం యార్డుతో ఆగేది కాదు, భోజనం దగ్గర భార్యకూ తప్పేది కాదు. ఆవిడ ఊ కొడుతూ వడ్డించేది. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నాననుకుని ఆయన నిట్టూర్చేవాడు.

రిటైరయ్యాక శంఖం ఊదడానికి యార్డు కూడా లేకుండా పోయింది. ఇల్లు ఇప్పుడు ఆవిడ రెక్కల మీదే నడుస్తోంది. వీధి చివరి లాడ్జి దుప్పట్లు ఉతికి, మేడ మీద ఆరేసి, సాయంత్రానికి మడతపెట్టి ఇవ్వాలి. ఒక్కరోజు తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది. తానూ ఎందుకైనా పనికొస్తానని చూపించాలని మేస్త్రి ప్రాణం కొట్టుకుపోయేది. ఒకరోజు మేడెక్కి చూస్తే, బట్టల తాడు పాత నులకమంచంలా కిందికి జారి ఉంది. తాళ్ల మేస్త్రి ఇంటి మీద ఇలాంటి తాడా అని ఆయనకు తల కొట్టేసినట్టయింది.

వెంటనే గోడ కొక్కేనికి బిగింపు మర తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. తాడు గీత గీసినట్టు నిలిచింది. వేలితో మీటితే మోగింది కూడా.

"కాస్త వదులుంచండి" అంది భార్య, తడి దుప్పట్ల బుట్ట దించుతూ.

"ఇదేమైనా క్రేనా? బట్టల తాడు" అని నవ్వాడాయన.

తాడు ఎంత చదునైతే చిన్న బరువుకి అంత పెద్ద లాగుడు. ఆ సంగతి ఆ వీధిలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాకపోతే బట్టల తాడు దగ్గర దాన్ని గుర్తుచేసుకోవడం ఆయన హోదాకు తక్కువ.

నాలుగో దుప్పటి పడింది. తెగేదాకా లాగకూడదంటారు పెద్దలు. తాడు తెగలేదు పాపం, కొక్కెం రెండు ఇటుకలతో సహా ఊడొచ్చింది. తెల్లని దుప్పట్లన్నీ వెనక సందులోని బురదలో పడ్డాయి.

మేస్త్రి కిందికి పరిగెత్తి, దుప్పట్లు ఏరుకొచ్చి, తొట్టి దగ్గర కూర్చుని తనే ఉతికాడు. ఆ తర్వాత అదే గోడకు కాస్త ఎడంగా ఉన్న ఇంకో కొక్కేనికి, సిగ్గుపడుతూనే తాడు కట్టాడు.

"ఇంకా వదులు" అంది భార్య వెనక నుంచి.

ఆయన ముడి విప్పాడు. "ఇన్నేళ్లూ జారుగానే కట్టావు కదా. నీకెవరు చెప్పారు?"

"మీరే. భోజనాల దగ్గర" అంది ఆవిడ, దుప్పటి ఒక కొస ఆయన చేతికిస్తూ.

దుప్పటి రెండో కొస ఆవిడ పట్టుకుంటే, ఇద్దరూ కలిసి పిండారు.