కొల్లేటి లంకలో మిగిలిపోయిన అక్క వంట

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వట్లూరు దగ్గర ఒక కల్యాణమండపానికి తీసుకెళ్ళింది. ఏలూరు, తాడేపల్లిగూడెం హోటళ్ళవాళ్ళు కోడి రెక్కలు వండి పోటీ పడతారనీ, జనం టిక్కెట్టు కొనుక్కుని వాటిని రుచి చూసి తమకు నచ్చినదేదో చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారనీ అప్పటిదాకా నాకు తెలియదు. మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, మన రోజుల్లో కోడిని కోస్తే రెక్క ఎవరూ ఆశపడే ముక్క కాదు. తొడలు మగవాళ్ళకీ, కార్జం తాతగారికీ పోగా, ఎముకే తప్ప కండ లేని ఆ ముక్క ఆడవాళ్ళ కంచాల్లోకి వచ్చేది. అలాంటిదానికి షామియానాలూ మైకులూ ఏమిటా అని నవ్వుకుంటూనే లోపలికి నడిచాను.

హోటళ్ళ పేర్లు కనపడకుండా బల్లలకి అంకెలు మాత్రం పెట్టారు. ఒకచోట తేనె పూసినవి, ఒకచోట నోరు మండిపోయే ఎర్రటి సాసులో ముంచినవి, మరోచోట పైన చీజు కరిగించి పోసినవి. కట్టుడు పళ్ళతో నేను ఒక్కొక్కటీ కొరికి పక్కన పెడుతుంటే, మా మేనకోడలు శుభ్రంగా తింటూ, అత్తా, చీటీ ఊరికే రాయకు, ఆలోచించి రాయి అని హెచ్చరిస్తోంది. చివర బల్ల మీదవి చూడటానికి ఏమంత బాగా లేవు. రంగు లేదు, అక్కడక్కడా మాడినట్టు నల్లమచ్చలు. ఒకటి తీసి నోటి దగ్గర పెట్టుకున్నాను. ముందు వాసన తగిలింది. ఎండు తాటాకు మంట మీద కోడిని కాల్చినప్పుడు చర్మానికి పట్టే పొగ వాసన అది. దాని వెంటే దంచిన వెల్లుల్లి, ఎండబెట్టిన చింతచిగురు పొడి పులుపు. కొరికిన ముక్క నమలలేక, మింగలేక అలాగే నిలబడిపోయాను. నా వెనకాల ఎవరో వచ్చి నిలబడినట్టు అనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఆ వంట ఈ లోకంలో ఒక్కరే చేసేవారు. మా అక్క.

మాది కొల్లేటి ఒడ్డు పల్లె. అక్క నాకంటే బాగా పెద్దది, నాకు జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ ఆమే. ఇంట్లో కోడిని కోసిన రోజున అమ్మ కూర వండి దించేశాక, ఎవరికీ అక్కర్లేని ఆ రెక్కల్ని అక్క తీసుకుని, ఎండు తాటాకు మంట మీద కాల్చి, పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద పెనం పెట్టి, దంచిన వెల్లుల్లితో కాస్త నూనెలో సన్నని సెగన వేయించేది. వేసవిలో కోసి ఎండబెట్టి సీసాలో దాచిన చింతచిగురును అరచేతుల్లో నలిపి ఆఖరున చల్లేది. ఇద్దరం పెరట్లో అరుగు మీద కూర్చుని తినేవాళ్ళం. తొడ ముక్క తినడానికి ఆకలుంటే చాలు, రెక్క తినడానికి తీరిక కావాలి అనేది. అంత తీరిగ్గా నేను మళ్ళీ ఎవరి పక్కనా కూర్చుని తిన్న గుర్తు లేదు.

అక్కని కొల్లేటి మధ్య ఒక లంకకి ఇచ్చారు. వేసవిలో నడిచి వెళ్ళగలిగిన ఆ ఊరు వానాకాలంలో నాలుగు పక్కలా నీళ్ళలో ఉండేది, తాటిమాను తొలిచి చేసిన దోనె తప్ప దారి లేదు. పెళ్ళయిన రెండో వానాకాలంలో అక్కకి జ్వరం తగిలింది. మాకు కబురు అందేసరికే ఆలస్యమైంది. ఒక పొద్దున బావ ఆమెని దోనెలో పడుకోబెట్టి, ఏలూరు ఆసుపత్రికని మా ఒడ్డుకి తీసుకొచ్చాడు. అమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురెళ్ళింది. దోనె ఇంకా ఒడ్డుకి తగలకముందే అమ్మ నడక ఆగిపోవడం నేను గట్టు మీద నుంచి చూశాను. అక్క దారిలోనే పోయింది.

ఏడాది తిరగకుండా బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చేసుకున్నది ఎవరినో కాదు, అక్క మంచాన పడ్డప్పుడు పక్కింటి నుంచి వచ్చి సేవ చేసిన అమ్మాయినే. ఇక అమ్మకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఊరితో రాకపోకలు తెగిపోయాయి. అక్క ఫొటో పెట్టె అడుక్కి వెళ్ళింది. కోడిని కోసినప్పుడల్లా అమ్మ రెక్కలు కోయించి ఎవరికో ఇచ్చేసేది. చూడని జ్వరమా, చూసీ వదిలేసిన జ్వరమా అని అమ్మ ఒకసారి నాన్నగారిని అడగడం తలుపు చాటు నుంచి విన్నాను. ఆ ప్రశ్న నాతోపాటే పెరిగి పెద్దదై, ముసలిదైంది.

చీటీల లెక్క తేలేదాకా వండినవాళ్ళ పేర్లు బయటపెట్టరట గానీ, నేను ఆగలేక షామియానా వెనక్కి వెళ్ళాను. యాభై దాటిన మనిషి ఒకాయన తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నాడు. తాడేపల్లిగూడెంలో చిన్న హోటలుందట. ఈ వంట ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"మా అమ్మ దగ్గరండి. అమ్మకి మా పెద్దమ్మగారు నేర్పారటండి."

పెద్దమ్మ అంటే ఎవరన్నాను.

"నాన్నగారి మొదటి భార్యండి. నేను పుట్టకముందే కాలం చేశారు. మేమైతే ఫొటోలో చూడటమేనండి."

లంక పేరు అడిగాను. అదే. నా మొహంలో ఏం కనపడిందో, గబగబా కుర్చీ లాగి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ నీళ్ళు తాగి, ఆ ఫొటోలో ఆవిడ చెల్లెల్ని నేనేనని చెప్పాను. ఆయన చేతిలో తువ్వాలు పక్కన పెట్టి, వంగి నా కాళ్ళకి దండం పెట్టి, "అమ్మ ఉందండి పిన్నిగారూ, ఒక్కసారి రండి" అన్నాడు.

ఆ పోటీలో ఎవరు గెలిచారో నేను కనుక్కోలేదు.

మరుసటి ఆదివారం పాసింజరు రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళాను. బావ పోయి చాలాకాలమైందట. హోటలు వెనకే ఇల్లు. ముందుగదిలో గోడకి అక్క, ఏలూరు స్టూడియోలో పెళ్ళికి తీయించుకున్న ఫొటోలో, పూలదండ కింద నుంచి నన్ను చూస్తోంది. మా ఇంట్లో పెట్టె అడుగున చెదలు తినేసిన ఫొటోయే అది. ఇక్కడ అద్దం మీద దుమ్మయినా లేదు. ఫొటో ముందు చిన్న పళ్ళెంలో అన్నం, దాని పక్కన ఒక కోడి రెక్క.

ఆయన తల్లి గోడ పట్టుకుని నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. భర్త పోయాక మంగళసూత్రాలు తీసేశారు గానీ, రెండో పెళ్ళివాళ్ళు పోయిన మొదటి భార్య పేరున మెడలో వేసుకునే చిన్న బంగారు బిళ్ళని మాత్రం నల్లతాడుకి కట్టుకుని అలాగే ఉంచుకుంది. జ్వరంతో నోరు చేదెక్కి ఏమీ తినలేని అక్క, పొయ్యి పక్కన మంచం వేయించుకుని, పడుకునే ఎలా చేయాలో చెబుతుంటే తను చేసేదాన్నని, మొదట మాడ్చేదాన్ననీ, తర్వాత కుదిరిందనీ చెప్పింది. కుదిరిన రోజున అక్క కొంచెం నోట్లో పెట్టుకుని, మా చెల్లి ఉంటే బాగుండేది అందట.

నేను అడగాలనుకుని వచ్చిన మాట అడిగాను. సరిగ్గా చూశారా మా అక్కని?

ఆమె చెయ్యి మెడలోని బిళ్ళ మీదికి వెళ్ళింది. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఏం చెప్పనమ్మా. మామూలు జ్వరమే అనుకున్నాం. గాలిగా ఉంది, నీళ్ళు తీశాక తీసుకెళ్దాం అనుకున్నాం. ముందురోజే దోనె ఎక్కించాల్సింది. ఆయన పోయేదాకా ఆ మాటే అనుకునేవారు, నిద్దట్లో కూడాను."

నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ నేను మోసిన ప్రశ్నకి ఇంత చిన్న జవాబుంటుందని అనుకోలేదు. అందులో దుర్మార్గం లేదు, అలాగని ఓదార్పూ లేదు.

"పొయ్యి దగ్గర నిలబడితే వెనకాల నుంచి చూస్తున్నట్టే ఉంటాదండి ఇప్పటికీ" అంది ఆమె. "భయం కాదు. ఉప్పు ఎక్కువైతే చెబుతాదేమో అని ఆగుతాను."

నాకూ వట్లూరులో అలాగే అనిపించిందని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, తల ఊపింది. వచ్చేటప్పుడు కోడలిచేత బొట్టుపెట్టించి, జాకెట్టు ముక్క ఇచ్చి, మీ ఇంటి ఆడపడుచు ఇల్లే ఇది, వస్తూ ఉండమంది. మా అమ్మ బతికుంటే ఈ గడప తొక్కనిచ్చేదా అనుకున్నాను. ఆ పళ్ళెం చూస్తే ఏమనేదో కూడా తెలియదు. ఆ పేరు పలకడం మానేసి మేము అక్కని కాపాడుకున్నామనుకున్నాం. అక్క మాత్రం మేము శత్రువులనుకున్నవాళ్ళ ఇంట్లో పూటపూటా వంటకి ఉప్పు చూస్తూ ఉండిపోయింది.

కిందటి వారం మేనకోడల్ని అడిగి ఆ లంకకి కూడా వెళ్ళివచ్చాను. నేను చూసిన కొల్లేరు అక్కడ లేదు, చూపు ఆనినంత మేర చేపల చెరువులు, వాటి గట్ల మీద కరెంటు స్తంభాలు. దోనెలు ఎవరికీ గుర్తు లేవు. ఊరి నడిబొడ్డు దాకా తారు రోడ్డు పడింది. ఒంట్లో బాగాలేకపోతే ఫోను చేస్తే అంబులెన్సు వస్తుందని అక్కడివాళ్ళు చాలా మామూలుగా చెప్పారు. మేము తిరిగి వస్తుండగా ఏలూరు వెళ్ళే ఆటో ఒకటి మమ్మల్ని దాటింది. అందులో, పోయేనాటికి అక్కకున్న ఈడు పిల్ల ఒకతె, జలుబో జ్వరమో, తలకి తువ్వాలు చుట్టుకుని, ఫోను చూసుకుంటూ కూర్చుంది. గంటలో డాక్టరు దగ్గర ఉంటుంది, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తుంది. సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ ఆటో మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా, ముక్కూమొహం తెలియని ఆ పిల్లని చూసి నాకు కలిగింది సంతోషం కాదు, అసూయ.